పదమూడో నంబరు క్రోమోజోమ్: ఒక్క జీన్ పోతే పంపకం ఎలా చెడుతుంది

(ఒక డిగ్రీ కాలేజీలో విద్యార్థులకూ ఊరివారికీ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నుంచున్నవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఈ వరసలో ఖాళీ ఉంది. బాబూ, ఆ ఫ్యాను కొంచెం తగ్గించు, మాట వినపడాలి.

ముందు ఒక ఫోటో గురించి చెప్తాను. తెర మీద వెయ్యను. అది ఒకరి పాప ఫోటో, చూపించే హక్కు నాకు లేదు. మాటల్లోనే ఊహించుకోండి. మొదటి పుట్టినరోజు. కేకు ముందు కూర్చోబెట్టి ఫోనుతో తీశారు, ఫ్లాష్ పడింది. ఫ్లాష్‌లో కళ్ళు ఎర్రగా పడటం మీరంతా చూసే ఉంటారు. అది కంటి వెనక పొరలో పారే నెత్తురు రంగు. ఆ పాపకి ఒక కన్ను ఎర్రగా పడింది, రెండోది తెల్లగా పడింది. "మేనమామ పిల్లికళ్ళు వచ్చాయని మురిసిపోయాం మేడమ్" అంది వాళ్ళమ్మ నాతో. మూడు నెలలకి మెల్లకన్ను మొదలైంది. దగ్గర్లో చూపిస్తే పెద్దయ్యే కొద్దీ అదే సర్దుకుంటుందన్నారట. ఇంకో నాలుగు నెలలు అలా పోయాయి.

ఆ తెలుపు, కంటి లోపల వెలుగుని పట్టే పొర రెటినా మీద పెరుగుతున్న క్యాన్సర్ గడ్డ. దాని పేరు రెటినోబ్లాస్టోమా. 15 నుంచి 20 వేల కాన్పులకి ఒక బిడ్డకి వస్తుంది, దాదాపు అందరికీ ఐదేళ్ళలోపే. చిన్న లెక్కలా కనిపిస్తుంది గానీ మన దేశంలో ఏటా ఎన్ని కాన్పులవుతాయో తలుచుకోండి. ప్రపంచంలో ఈ జబ్బున్న పిల్లలు ఎక్కువగా ఉన్న దేశాల్లో మనది ఒకటి. ఇంత అరుదైన జబ్బుని పట్టుకుని గంటసేపు ఎందుకు మాట్లాడుతున్నానంటే, క్యాన్సర్ ఎలా మొదలవుతుందన్న ప్రశ్నకి మొదటి గట్టి జవాబు ఈ చిన్నపిల్లల కళ్ళలోనే దొరికింది.

నేను డాక్టర్ని కాదు. క్రోమోజోముల లాబ్‌లో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. ఆ పని ఎలా ఉంటుందో కాస్త చెప్పనివ్వండి, తర్వాత చెప్పేదంతా దాని మీదే నిలబడుతుంది.

రెండు మిల్లీలీటర్ల నెత్తురు వస్తుంది. అందులో తెల్లకణాలు ఊరికే విభజన చెందవు, వాటిని రెచ్చగొట్టే మందు కలిపి 37 డిగ్రీల వెచ్చదనంలో 72 గంటలు ఉంచుతాం. మూడో రోజు కాల్చిసిన్ జాతి మందు ఒక చుక్క వేస్తాం. కాల్చిసిన్ ఎక్కడుంటుందో తెలుసా? మన కంచెల మీద పాకే అగ్నిశిఖ దుంపలో కూడా ఉంటుంది. అది పడగానే కండె తంతువులు, అంటే క్రోమోజోముల్ని అటూ ఇటూ లాగే దారాలు, కట్టుకోవు, విభజన సరిగ్గా మధ్యలో ఆగిపోతుంది. క్రోమోజోములు బాగా చుట్టుకుని పొట్టిగా, లావుగా, చూడ్డానికి వీలుగా ఉండే క్షణం అదే. అప్పుడు ఉప్పు తక్కువ నీళ్ళు పోస్తాం, కణాలు నానేసిన శనగల్లా ఉబ్బుతాయి. మెథనాల్, ఎసిటిక్ ఆసిడ్ మూడు పాళ్ళకి ఒక పాలు కలిపి పోస్తే గదంతా వెనిగర్ ఘాటు. తర్వాత చల్లని తడి స్లైడు మీద మూరెడు ఎత్తు నుంచి ఒక్క చుక్క వదలాలి. చెయ్యి వణికితే కణాలన్నీ ఒకచోట పడతాయి. సరిగ్గా పడితే కణం పగిలి, 46 క్రోమోజోములూ రంగవల్లి చుక్కల్లా విడివిడిగా పరుచుకుంటాయి. నేను చేరిన రోజుల్లో వాటి ఫోటో తీసి, కత్తెరతో ఒక్కొక్కటీ కత్తిరించి, జతలు జతలుగా అట్ట మీద అంటించేవాళ్ళం. ఇప్పుడది కంప్యూటర్ చేస్తుంది. నా వేళ్ళు మాత్రం 13ని ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ పాప స్లైడులో 13వ జతలో ఒక క్రోమోజోమ్ పొడుగు చెయ్యి, అంటే నడుముకి కింది భాగం, కాస్త పొట్టిగా ఉంది. పక్కన దాని జోడీని పెట్టి చూస్తే తప్ప తెలియనంత తేడా. ఒక ముక్క లేదు. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో కొద్దిమందికే మైక్రోస్కోపులో కనపడేంత పెద్ద ముక్క పోతుంది. మిగతావాళ్ళలో పోయేది డీఎన్ఏ అక్షరాల స్థాయిలో, దాన్ని డీఎన్ఏ చదివి పట్టుకోవాలి. కానీ ఆ కొద్దిమంది వల్లే ఈ జబ్బు చిరునామా 13వ క్రోమోజోమ్ అని ముందుగా తెలిసింది.

ఇప్పుడు 1971కి వెళ్దాం. అమెరికాలో హ్యూస్టన్ నగరం. ఆల్ఫ్రెడ్ నుడ్సన్ అనే పిల్లల డాక్టర్. ఆయన ముందున్నవి 48 మంది పిల్లల కేసు కాగితాలు. జీన్ చదివే యంత్రాలు లేవు. వయసు ఎంత, గడ్డ ఒక కంట్లోనా రెండు కళ్ళలోనా, ఇంట్లో ఎవరికైనా ఉందా, ఇంతే. రెండు కళ్ళలోనూ వచ్చిన పిల్లలకి జబ్బు త్వరగా బయటపడుతోంది, ఒక కంట్లోనే వచ్చినవాళ్ళకి ఆలస్యంగా. ఆయన వయసుని బట్టి గ్రాఫ్ గీశాడు. రెండు కళ్ళ పిల్లల గీత తిన్నగా దిగింది. ఒక్క సంఘటన కోసం ఎదురుచూసే గీత అలా ఉంటుంది. ఒక కన్ను పిల్లల గీత ముందు వంగి తర్వాత దిగింది. రెండు సంఘటనలు వరసగా జరగాలంటే గీత అలా వంగుతుంది.

దాని అర్థం ఇది. ప్రతి కణంలో ఈ జీన్ రెండు కాపీలుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. రెండూ పోతేనే గడ్డ. కొందరు పిల్లలు ఒక కాపీ చెడిపోయే పుడతారు, వాళ్ళ ఒంట్లో ప్రతి కణంలోనూ ఒకటే మంచి కాపీ. రెటినా తయారయ్యేటప్పుడు లక్షల కణాలు విభజన చెందుతాయి. వాటిలో ఏ ఒక్కదానిలోనో ఆ మిగిలిన కాపీ పోతుంది. నుడ్సన్ లెక్క ప్రకారం అలాంటి బిడ్డలో సగటున మూడు గడ్డలు మొదలవుతాయి, అందుకే తరచూ రెండు కళ్ళూ. సగటు మూడు కాబట్టి, నూటికి ఐదుగురికి ఒక్క గడ్డా రాకపోవడమూ అదే లెక్కలోంచి వస్తుంది. మామూలుగా పుట్టిన బిడ్డలోనైతే ఒకే కణంలో రెండు కాపీలూ ఒకదాని తర్వాత ఒకటి పోవాలి. అది అరుదు, వస్తే ఒక్క గడ్డే. స్టాటిస్టిక్స్ చదివే పిల్లలు ఇక్కడున్నారా? కాగితం, పెన్సిలు, 48 మంది పిల్లలు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

1986లో ఆ జీన్ చేతికి దొరికింది. బోస్టన్‌లో కంటి డాక్టర్ థాడియస్ డ్రైజా, పక్క ఊరు కేంబ్రిడ్జిలో రాబర్ట్ వైన్‌బర్గ్ లాబ్‌లో స్టీఫెన్ ఫ్రెండ్, వీళ్ళ పని అది. ఆర్‌బీ1 అని పేరు. మనుషుల్లో చేతికి చిక్కిన మొదటి ట్యూమర్ సప్రెసర్ జీన్, అంటే గడ్డని అణిచి ఉంచే జీన్.

అంతకు మూడేళ్ళ ముందు, 1983లో, వెబ్‌స్టర్ కావెనీ, ఆయన తోటివాళ్ళు ఒక చిన్న ప్రశ్న వేసుకున్నారు. ఆ రెండో కాపీ పోవడం అసలు ఎలా జరుగుతుంది? మనం అనుకునేది, అక్షరం తప్పుపడి పోతుందని. చూస్తే సగానికి పైగా గడ్డల్లో అలా జరగలేదు. మంచి కాపీ ఉన్న 13వ క్రోమోజోమ్ మొత్తంగా పోయింది. లేకపోతే అది పోయి, చెడ్డ కాపీ ఉన్నదే రెండుగా నిలిచింది. లేకపోతే జోడీలు రెండూ ముక్కలు మార్చుకున్నాయి. అంటే కణం రెండయ్యేటప్పుడు క్రోమోజోముల పంపకం తప్పింది.

ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనికోసమే నేను ఇంత దూరం వచ్చాను. పంపకంలో తప్పు జరిగి ఆర్‌బీ పోతుంది. ఇప్పుడు నేను చూపించబోయేది, ఆర్‌బీ పోయాక పంపకంలో తప్పులు ఇంకా ఎక్కువవుతాయని. కాలేజీ పుస్తకాల్లో ఆర్‌బీని ఒక బ్రేకుగా చెప్పి ఊరుకుంటారు. అది సగం కథే.

ముందు ఆ సగం చెప్పేస్తాను, మీకు తెలిసిందే. కణం విభజనకి పోవాలంటే ముందు డీఎన్ఏ మొత్తాన్ని రెండు చెయ్యాలి. ఆ పని మొదలుపెట్టించే ప్రొటీన్లు ఈ2ఎఫ్ కుటుంబం. ఆర్‌బీ ప్రొటీన్, 928 అమైనో ఆమ్లాల పొడుగుది, ఈ2ఎఫ్‌ని గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. బయట నుంచి పెరగమని కబురొస్తే సైక్లిన్ డీ, సీడీకే4, సీడీకే6 అనే ప్రొటీన్లు కలిసి ఆర్‌బీ మీద ఫాస్ఫేట్లు అంటిస్తాయి, అది పట్టు వదులుతుంది. కబురు లేకపోతే వదలదు. ఆర్‌బీయే లేకపోతే కబురుతో పనే లేదు.

ఈ2ఎఫ్ లేపే జీన్లలో ఒకటి, డీఎన్ఏ సరుకు తయారీకి కావలసిన డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైముది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థలో ఉండగా, ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్ అనే విటమిన్‌ని తయారుచేసి, తర్వాత దాని పని చెడగొట్టే మందులు కూడా తయారుచేసింది. అమినోప్టెరిన్, తర్వాత మెథోట్రెక్సేట్. ఆ మందులు పట్టుకునేది ఈ ఎంజైమునే. అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా, అంటే నెత్తుటి క్యాన్సర్, వచ్చిన పిల్లలకి కొంతకాలమైనా ఊరట తెచ్చాడని 1948 జూన్‌లో ప్రపంచానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు. డీఎన్ఏ కట్టడానికి కావలసిన సరుకుని ఆపితే కణం ఆగుతుందన్న ఆ ఆలోచన, ఇప్పుడు చెప్పబోయేదానికి సరిగ్గా సరిపోతుంది.

ఆర్‌బీ లేని కణం తొందరపడి డీఎన్ఏ కాపీ మొదలుపెడుతుంది. ఈ2ఎఫ్ కొన్ని ఎంజైములని పిలుస్తుంది, నిజమే. అయినా సరుకు చాలదు. పెళ్ళికి బియ్యం, పప్పు బండి దిగకముందే విస్తళ్ళు వేసి జనాన్ని కూర్చోబెట్టినట్టు. కాపీ తీసే యంత్రం మధ్యలో ఆగుతుంది, ఆగినచోట డీఎన్ఏ తెగుతుంది. 2011లో జెరూసలేంలో, ఆర్‌బీని పనిచెయ్యనివ్వని వైరస్ ప్రొటీన్లు పెట్టిన కణాల్లో ఇది చూశారు. బయట నుంచి ఆ సరుకు, న్యూక్లియోసైడ్లు, అందిస్తే తెగడం తగ్గింది. అంటే క్రోమోజోమ్ పంపకానికి రాకముందే గాయపడి వస్తోంది.

ఇక పంపకం. మీ అమ్మా, పిన్నీ కలిసి పట్టుచీర మడతపెట్టడం చూశారా? అటు కొసలు ఒకరు, ఇటు కొసలు ఒకరు పట్టుకుని లాగుతారు. చీర బిగువుగా నిలబడితే ఇద్దరూ సరిగ్గా పట్టుకున్నారన్నమాట. ఒక కొస జారితే చీర వదులవుతుంది, చేతులకే తెలిసిపోతుంది, మళ్ళీ పట్టుకుంటారు. కణం చేసేది ఇదే. కాపీ అయిన క్రోమోజోములో రెండు అక్కచెల్లెళ్ళు, క్రోమాటిడ్లు, నడుము దగ్గర కలిసి ఉంటాయి. అటు ధ్రువం నుంచి ఒక తంతువు, ఇటు ధ్రువం నుంచి ఒక తంతువు వచ్చి పట్టుకుని లాగుతాయి. రెండిటినీ కలిపి ఉంచే కొహెసిన్ అనే ప్రొటీను కడియం గట్టిగా ఉంటేనే బిగువు వస్తుంది. బిగువు వస్తేనే పట్టు సరైనదని తెలుస్తుంది. 46లో ఒక్కటి సరిగ్గా పట్టుబడకపోయినా, మ్యాడ్2 లాంటి ప్రొటీన్లు ఆగమని కబురు పంపుతూనే ఉంటాయి. అన్నీ మధ్యలో వరసకట్టే మధ్యస్థ దశ దాటి, విడిపోయి అటూ ఇటూ వెళ్ళే చలన దశకి వెళ్ళనివ్వవు.

2010లో బోస్టన్‌లో నికొలాస్ డైసన్ లాబ్‌లో కణాల్లో ఆర్‌బీని తగ్గించి చూశారు. సెంట్రోమియర్ దగ్గర, అంటే ఆ నడుము దగ్గర, కొహెసిన్ పల్చబడింది, క్రోమోజోముని బిగువుగా చుట్టే కండెన్సిన్ కూడా. నడుము వదులైన క్రోమోజోము వంగుతుంది. అప్పుడు ఒకే క్రోమాటిడ్‌ని రెండువైపుల తంతువులూ పట్టుకుంటాయి. ఇందులో కష్టం ఏమిటంటే, కాపలా ప్రొటీన్లకి ఇది తప్పుగా కనపడదు. పట్టు ఉంది కదా, లాగుడు ఉంది కదా అనుకుని వదిలేస్తాయి. చలన దశలో మిగతావన్నీ అటూ ఇటూ వెళ్ళిపోతుంటే ఒకటి మధ్యలో వెనకబడి ఊగుతూ ఉంటుంది. నేను స్లైడ్ల మీద ఇలాంటివి చూశాను. రెండు గుంపుల మధ్య ఖాళీలో ఒంటరిగా, రెండువైపులా సాగి. తిరనాళ్ళలో తప్పిపోయిన పిల్లలా ఉంటుంది.

అది ఎటో ఒకవైపు పడుతుంది. ఒక కణంలో 47, ఇంకో కణంలో 45. లేదా కేంద్రకంలోకి చేరలేక పక్కన చిన్న కేంద్రకంగా మిగిలిపోతుంది, అందులో డీఎన్ఏ ముక్కలు ముక్కలవుతుంది.

మ్యాడ్2 సంగతి విచిత్రం. అది ఆగమని చెప్పే ప్రొటీను కదా, దాని జీన్ కూడా ఈ2ఎఫ్ చేతిలోదే. 2004లో తేలిందేమిటంటే, ఆర్‌బీ పోతే మ్యాడ్2 అతిగా తయారవుతుంది. కాపలా ఎక్కువైతే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ కణం విభజనలో ఇరుక్కుపోతుంది, తప్పుగా పట్టుకున్న తంతువులు బిగుసుకుపోయి సరిదిద్దుకోలేవు, కొన్ని కణాలు విసిగి పంపకం చెయ్యకుండానే రెట్టింపు క్రోమోజోములతో బయటికొస్తాయి. ఏదైనా సమయానికి వచ్చి సమయానికి పోవాలి. ఆర్‌బీ చేసే అసలు పని ఆ సమయాన్ని చూడటమేనని నేననుకుంటాను.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆర్‌బీ పోయిన వెంటనే అంతా పేలిపోతుందని అనుకోవద్దు. కొందరి కళ్ళలో రెటినోమా అని, పెరగని గడ్డ ఉంటుంది. టొరొంటోలో బ్రెండా గ్యాలీ బృందం 2008లో చూస్తే అందులో కూడా ఆర్‌బీ రెండు కాపీలూ పోయే ఉన్నాయి. కణాలు మాత్రం ముసలివై ఆగిపోయాయి. క్రోమోజోముల మార్పులు కొన్నే. పక్కనే క్యాన్సర్‌గా మారిన చోట మార్పులు ఎక్కువ. 2012లో ఈ గడ్డల డీఎన్ఏ మొత్తం చదివితే, అక్షరాల తప్పులు చాలా తక్కువ. తరచూ కనపడేవి పెద్ద ముక్కల హెచ్చుతగ్గులు: 1వ క్రోమోజోమ్ పొడుగు చెయ్యి ఎక్కువ, 6వదాని పొట్టి చెయ్యి ఎక్కువ, 16వదాని పొడుగు చెయ్యి తక్కువ. మళ్ళీ పంపకం తప్పులే. నూటికి ఒకటో రెండో గడ్డల్లో ఆర్‌బీ బాగానే ఉండి, వేరే జీన్, ఎమ్‌వైసీఎన్, పదుల కాపీలుగా పెరగడం కూడా చూశారు. శరీరం మనం గీసిన బొమ్మకి ఎప్పుడూ పూర్తిగా లొంగదు.

లెక్క తప్పిన కణాన్ని మామూలుగా పీ53 అనే ఇంకో కాపలాదారు ఆపేస్తాడు. ఆర్‌బీ, పీ53 రెండూ పోతే అడ్డు చెప్పేవాళ్ళుండరు. ఊపిరితిత్తుల్లో వచ్చే స్మాల్ సెల్ క్యాన్సర్‌లో దాదాపు ప్రతిసారీ ఈ రెండూ పోయి ఉంటాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్, మన జీన్ని ముట్టుకోకుండానే, ఈ6 అనే తన ప్రొటీనుతో పీ53ని, ఈ7 అనే దానితో ఆర్‌బీని పనికిరాకుండా చేస్తుంది. ఆడపిల్లల తల్లిదండ్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆ వైరస్‌కి టీకా ఉంది, వేయించండి.

చికిత్స గురించి ఒక్క మాట. ఈ పిల్లలకి ఇచ్చే మూడు మందుల్లో ఒకటి విన్‌క్రిస్టిన్. అది మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరులోంచి వచ్చింది. కండె తంతువులు కట్టుకోకుండా చేస్తుంది. నేను లాబ్‌లో అగ్నిశిఖ మందుతో చేసే పని, అది ఒంట్లో చేస్తుంది. దయచేసి ఎవరూ ఇంటికెళ్ళి బిళ్ళగన్నేరు ఆకులు నూరి తాగొద్దు, అది విషం. ఒంటిలోకి ఎన్ని మిల్లీగ్రాములు వెళ్ళాలో తూచి ఇస్తేనే మందు. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర సంస్థలో కంటి క్యాన్సర్‌కి ప్రత్యేక విభాగం ఉంది. త్వరగా వస్తే ప్రాణమే కాదు, చాలాసార్లు కన్ను కూడా దక్కుతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక తల్లి: మా బాబుకి ఇదే వచ్చింది మేడమ్. రెండో బిడ్డకి కూడా వస్తుందా? గ్రహణం రోజు నేను బయట తిరిగానని మా అత్తగారు...)

కూర్చోమ్మా. ముందు ఆ రెండో సంగతి. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. నువ్వు తిన్నదానికీ, తిరిగినదానికీ లేదు. మీ అత్తగారిని కూడా తీసుకురా, నేనే చెప్తాను. ఇక మొదటిది. ఈ జబ్బు వచ్చిన వంద మంది పిల్లల్లో నలభై మందికి ఒక కాపీ పుట్టుకతోనే చెడి ఉంటుంది, అందులోనూ చాలామందికి అమ్మానాన్నల్లో ఎవరికీ ఉండదు, వాళ్ళలోనే కొత్తగా వస్తుంది. బాబుకి రెండు కళ్ళలో వచ్చిందా? ఒక కన్నేనా. ఒక కంట్లో వచ్చినవాళ్ళలో కూడా నూటికి పదిహేను మందికి పుట్టుకతో ఉండొచ్చు, కాబట్టి బాబు నెత్తురు పరీక్ష చేయించాలి. అందులో తప్పు దొరికితే మీ ఇద్దరి నెత్తురూ చూస్తారు. మీలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకీ సగం అవకాశం. మీ నెత్తుర్లో లేకపోయినా, అండంలోనో వీర్యకణంలోనో దాగి ఉండే చిన్న అవకాశం ఉంది, అందుకని బిడ్డ పుట్టిన మొదటి వారాల్లోనే కంటి పరీక్ష మొదలుపెట్టండి. బాబుకి పుట్టుకతోనే ఉన్నట్టు తేలితే, పెద్దయ్యాక ఎముకల్లో నొప్పి, వాపు వస్తే తేలిగ్గా తీసుకోవద్దు. రేడియేషన్ అవసరమైన ప్రతిచోటా డాక్టరుకి ఈ సంగతి ముందే చెప్పండి. ఆ కణాలకి ఒకటే కాపీ మిగిలింది, రేడియేషన్ దాన్ని కూడా తీసెయ్యగలదు.

(ఒక విద్యార్థి: పోయిన జీన్ని తిరిగి పెట్టలేమా మేడమ్?)

గిన్నెలో పెంచిన కణాల్లో పెట్టారు బాబూ, పెరుగుదల తగ్గింది. కానీ గడ్డలో లక్షల కణాలుంటాయి, ఒక్కటి మిగిలినా చాలు. పైగా అప్పటికే క్రోమోజోముల లెక్క తప్పిన కణానికి ఆర్‌బీ తిరిగొచ్చినా, ఎక్కువైన 6వదాని ముక్క వెనక్కి పోదు. ఇల్లు తగలబడ్డాక నీళ్ళ బిందె నిండుగా ఉన్నట్టు.

ఆ కిటికీ పక్క బల్ల మీద మైక్రోస్కోప్ పెట్టాను. స్లైడు నా నెత్తురుదే, వంద రెట్ల లెన్సు, నూనె వేసి ఉంది. ముందు లెక్కపెట్టండి, 46 రావాలి. తర్వాత 13ని వెతకండి. పై చెయ్యి దాదాపు ఉండదు, చిన్న తలపాగా చుట్టినట్టుంటుంది. మొదట 14తో పొరబడతారు, ఫరవాలేదు, నేను పక్కనే ఉంటాను. లెన్సుకి కళ్ళు మరీ ఆనించొద్దు.